గ్లూటమిన్ డబ్బా, గ్యాస్ బిళ్ళ, మా నాన్న కడుపు

ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాను. ఇంజినీరింగ్ చదివి హైదరాబాదులో జావా కోడు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. అయినా ఈ టపా రాయడానికి ఒక కారణం ఉంది. మొన్న ఆఫీసు పాంట్రీలో మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు కడుపు పట్టుకుని కూర్చున్నాడు. నెలరోజులుగా మంటట. పక్కనే ఉన్న జిమ్ వీరుడు (ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు కదా) "గ్లూటమిన్ వాడు భాయ్, అల్సర్‌కి కూడా పనిచేస్తుంది, రీసెర్చి ఉంది" అన్నాడు. సరిగ్గా అదే మాట, అంతే ధీమాగా, మూడేళ్ళ కిందట నేను మా నాన్నతో అన్నాను. అందుకని నా కాఫీ చల్లారిపోయింది.

అసలు చిక్కేమిటంటే ఆ మాట అబద్ధం కాదు. పూర్తి అబద్ధమైతే ఇంత రాయనక్కర్లేదు, వాట్సాప్ చిట్కా అని నవ్వేసి ఊరుకోవచ్చు.

గ్లూటమిన్ ఒక అమైనో ఆమ్లం. మన రక్తంలో విడిగా తిరిగే అమైనో ఆమ్లాల్లో అన్నిటికన్నా ఎక్కువుండేది ఇదే. ఒంట్లోనే తయారవుతుంది, పప్పులోనూ పాలలోనూ గుడ్లలోనూ దొరుకుతుంది. పేగు లోపలి కణాలకి ఇది ముఖ్యమైన ఇంధనం. అల్సరుకీ దీనికీ సంబంధం ఎలా కుదిరిందంటే, దాని వెనక క్యాబేజీ కథ ఒకటుంది. 1949లో కాలిఫోర్నియాలో గార్నెట్ చెనీ అనే డాక్టరు అల్సర్ రోగులకి రోజుకి సుమారు లీటరు పచ్చి క్యాబేజీ రసం తాగించాడు. 13 మందే. మామూలుగా వారాలు పట్టే పుండ్లు పదిరోజుల్లో మానాయని రాశాడు. ఆ రసంలో ఏదో ఉందని దానికి 'విటమిన్ యు' అని పేరు పెట్టాడు. నిజానికి అది విటమిన్ కాదు, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లానికి చుట్టం. జపానులో ఇప్పటికీ క్యాబేజీ పేరుతోనే ఒక కడుపు మందు అమ్ముతారు. ఇది ఇలా ఉండగా 1957లో టెక్సస్‌లో విలియమ్ షైవ్, ఆయన తోటివాళ్ళు క్యాబేజీలో అసలు పనిచేసేది గ్లూటమిన్ అయ్యుండొచ్చని, దాన్ని అల్సర్ రోగులకిచ్చి ఒక ప్రాథమిక నివేదిక ప్రచురించారు. ఫలితం బాగుందనే రాశారు.

తర్వాత 1970లలో జపానువాళ్ళు ఎలుకల మీద చేశారు. ఆస్పిరిన్ ఇస్తే ఎలుక కడుపులో పుండ్లు పడతాయి, గ్లూటమిన్ కూడా కలిపి ఇస్తే ఆ పుండ్లు బాగా తగ్గాయి. గ్లూటమిన్ కలిపిన గ్యాస్ట్రైటిస్ పొడి ఒకటి అక్కడ డాక్టర్లు రాసే మందుల్లో చేరింది కూడా.

ఆస్పిరిన్ మాటొచ్చింది కాబట్టి ఒక పిడకల వేట. మాది తణుకు. మా ఊరి పేరు చెప్తే చాలామందికి గుర్తొచ్చేది ఆంధ్రా షుగర్స్. ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు 1947లో పెట్టిన ఆ కంపెనీ చక్కెరతో ఆగలేదు. చెరకు మడ్డి నుంచి ఆల్కహాలు, ఆల్కహాలు నుంచి ఎసిటిక్ ఆమ్లం, అక్కణ్ణించి ఆస్పిరిన్ దాకా వెళ్ళింది. ఇస్రో రాకెట్లకి ద్రవ ఇంధనం కూడా మా ఊళ్ళోనే తయారైంది. చిన్నప్పుడు స్కూల్లో 'మన ఊరి గొప్పతనం' అని వ్యాసం రాయమంటే నేను ఈ రెండూ తప్పకుండా రాసేవాణ్ణి. ఆస్పిరిన్ కడుపులో పుండు చేస్తుందని మాత్రం అప్పుడు నాకు తెలీదు. ఎందుకు చేస్తుందో కనిపెట్టే దారి చూపించినాయన జాన్ వేన్, 1971లో. ఆస్పిరిన్, ఇంకా చాలా నొప్పి బిళ్ళలు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి. నొప్పి తగ్గేదీ అందుకే, కడుపుగోడని కాపాడే జిగురు పొర పల్చబడేదీ అందుకే. పనిచేసే ఫంక్షనూ సైడ్ ఎఫెక్టూ ఒకే లైన్లో ఉన్న కోడు అన్నమాట. విడదీయడం కష్టం.

సరే, అసలు విషయానికొద్దాం. మా నాన్న.

నాన్న ముప్పయ్యేళ్ళు రైసు మిల్లులో గుమాస్తాగా చేశారు. మోకాళ్ళు అరిగిపోయాయి. మందుల షాపతను ఇచ్చే నొప్పి బిళ్ళ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. చీటీ ఎవరూ అడగరు. "కడుపులో మంటగా ఉందయ్యా" అంటే దాంతోపాటు ఒక గ్యాస్ బిళ్ళ చేతిలో పెడతాడు. మా వైపు కడుపుకి సంబంధించిన ప్రతిదీ 'గ్యాసే' కదండీ. గుండె నొప్పి గ్యాసు, పుండు గ్యాసు, తలనొప్పి కూడా గ్యాసు తలకెక్కడం వల్లే. ఆ గ్యాస్ బిళ్ళ కూడా మంట ఉన్నరోజే వేసుకునేవారు, లేనిరోజు దండగని దాచేవారు.

2023 సంక్రాంతికి ఇంటికెళ్తే నాన్న అరిసె ముట్టలేదు. పండక్కి అరిసె తినని మా నాన్నని నేను ఎప్పుడూ చూళ్ళేదు. అమ్మ చెప్పింది, రాత్రుళ్ళు లేచి కూర్చుంటున్నారని, పాలు తాగితే కాస్త సర్దుకుంటోందని. నేనేం చెయ్యాలి? భీమవరమో రాజమండ్రో తీసుకెళ్ళి ఎండోస్కోపీ చేయించాలి. ఆ మాట అన్నాను కూడా. నాన్న "గొట్టం మింగడం నావల్ల కాదురా" అన్నారు. నాకున్నది మూడ్రోజుల సెలవు. ఆ రాత్రి మంచం మీద పడుకుని ఫోనులో వెతికాను. దొరికింది... హార్వర్డు పేరున్న ఆసుపత్రి, 2009లో వచ్చిన పరిశోధన, అల్సర్ బాక్టీరియా చేసే నష్టం నుంచి గ్లూటమిన్ కాపాడొచ్చు అని వార్త. కింద క్యాబేజీ కథ, జపాన్ కథ. నాకు చాలా సంతోషమైంది. మందు కూడా కాదు, ఆహారం లాంటిదే, సైడ్ ఎఫెక్టులుండవు అనుకున్నాను. హైదరాబాదు వెళ్ళగానే జిమ్ముల దగ్గర అమ్మే డబ్బా ఒకటి కొని కొరియర్ చేశాను. పొద్దున్నే పరగడుపున పాలల్లో ఒక చెంచా.

నెల తిరక్కుండా నాన్న ఫోను. "ఏరా, ఆ అమెరికా పిండి బాగానే పనిచేస్తోంది. అయిపోవచ్చింది, ఇంకో డబ్బా పంపు." నేను గాల్లో తేలిపోయాను. టీములో అందరికీ చెప్పాను. పరీక్ష సంగతి ఇద్దరం మర్చిపోయాం. నొప్పి బిళ్ళలు ఆపమని చెప్పడం కూడా నాకు తోచలేదు, మంట తగ్గింది కదా అని ఆయన మానేసిన గ్యాస్ బిళ్ళ సంగతి నాకు తెలియనే తెలియదు.

జూన్‌లో ఒక పొద్దున మిల్లు గేటు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయారు. నాలుగు రోజులుగా విరోచనం తారులాగా నల్లగా వస్తోందట. ఎవరికీ చెప్పలేదు. ఐరన్ టానిక్ వల్ల అనుకున్నారట. హిమోగ్లోబిన్ 6.8. నేను రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఆసుపత్రికి చేరాను. అప్పటికి ఒక సీసా రక్తం ఎక్కింది, రెండోది ఎక్కుతోంది. ఎండోస్కోపీలో పుండు కనిపించింది, అందులోంచి రక్తం కారుతోంది. అక్కడే చిన్న ముక్క తీసి పరీక్షిస్తే హెలికోబాక్టర్ పైలోరి కూడా ఉంది. నొప్పి బిళ్ళ, బాక్టీరియా రెండూ కలిసి చేసిన పని అన్నాడు డాక్టరు. నేను గ్లూటమిన్ సంగతి చెప్పాను. ఆయన నన్ను పైనించి కిందిదాకా చూసి "మీరేం చేస్తుంటారు?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ అన్నాను. "ఊఁ" అన్నాడు, అంతే. ఆ "ఊఁ" నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నాన్న ఇంటికొచ్చాక ఆ 2009 పేపర్ని ఈసారి వార్త కాకుండా వివరాలతో సహా చదివాను. ముందే చదవాల్సింది. ఎర్రర్ మెసేజి చూసి లాగు చూడకుండా ఫిక్స్ పెట్టే జూనియర్ని మనం ఎన్ని తిడతాం!

అది ఎలుకల మీద, ఇంకా చెప్పాలంటే చిట్టెలుకల మీద చేసిన పని. హెలికోబాక్టర్ యూరియాని విరగ్గొట్టి అమోనియా తయారుచేస్తుంది. ఆ అమోనియానే అడ్డం పెట్టుకుని కడుపులోని ఆమ్లంలో బతుకుతుంది. ఆ అమోనియా మన కణాల్ని దెబ్బతీస్తుంది. గ్లూటమిన్ దొరికితే కణాలు ఆ దెబ్బని తట్టుకుంటాయని గాజు పళ్ళేల్లో పెంచిన కణాల మీద అంతకుముందే చూశారు. ఎలుకల్లో 20 వారాలకి చూస్తే గ్లూటమిన్ ఎక్కువ తిన్నవాటికి కడుపుగోడ వాపు, నష్టం తక్కువ. కానీ 6 వారాలప్పుడు? వాపుకి సంబంధించిన సంకేతాలు వాటిల్లోనే ఎక్కువ. అంటే రక్షణ వ్యవస్థ మొదట గట్టిగా తిరగబడింది, తర్వాత సర్దుకుంది అని వాళ్ళ వ్యాఖ్యానం. ఈ 6 వారాల ముక్క నేను చదివిన వార్తలో లేదు.

ఇంకో సంగతి, డోసు. ఎలుకల మేతలో సుమారు 5 శాతం గ్లూటమిన్ అదనంగా కలిపారు. లెక్క వేద్దాం, మనకి చేతనైంది అదేగా. 25 గ్రాముల చిట్టెలుక రోజుకి 4 గ్రాముల మేత తింటుందనుకుంటే 200 మిల్లీగ్రాముల గ్లూటమిన్. అంటే కిలో బరువుకి 8 గ్రాములు. చిట్టెలుక డోసుని మనిషికి మార్చేటప్పుడు మందుల వాళ్ళు పన్నెండో వంతుకి తగ్గిస్తారు. అలా చూసినా 60 కిలోల మనిషికి రోజుకి 40 గ్రాములు. డబ్బాలో చెంచా 5 గ్రాములు. మా నాన్న తాగింది ఒక చెంచా, ఆ పరిశోధన లెక్కన ఎనిమిది తాగాలి. మరి ఆయనకి మంట ఎందుకు తగ్గింది? పరగడుపున పాలు. పాలు కాసేపు ఆమ్లాన్ని చల్లారుస్తాయి, తర్వాత ఇంకాస్త ఊరేట్టు చేస్తాయి. అమ్మ సంక్రాంతికే చెప్పింది పాలు తాగితే సర్దుకుంటోందని. నేను వినలేదు, ఎందుకంటే అమ్మ మాట కింద హార్వర్డు అని లేదు.

అలాగని రోజుకి ఎనిమిది చెంచాలు తాగమంటారా? వద్దు మహాప్రభో. 'ఒంట్లో ఉండేదే కదా, హాని చెయ్యదు' అన్న నా తర్కానికి 2013లోనే పెద్ద దెబ్బ తగిలింది. ఐసీయూల్లో బహు అవయవాలు దెబ్బతిన్న వెయ్యిమందికి పైగా రోగుల మీద జరిగిన ట్రయల్‌లో గ్లూటమిన్ తీసుకున్నవాళ్ళలో చావులు తగ్గలేదు సరికదా పెరిగాయి. కాలేయం చెడిపోయినవాళ్ళకి కూడా ప్రమాదమే, ఎందుకంటే గ్లూటమిన్ విరిగితే వచ్చేదీ అమోనియానే. మరోవైపు 2017లో అమెరికా ఎఫ్‌డీఏ ఇదే గ్లూటమిన్‌ని సికిల్ సెల్ జబ్బుకి మందుగా ఒప్పుకుంది. అంటే ఇది ఉత్త పిండి కాదు, ఉత్త అమృతమూ కాదు, మందే. మందుకి ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు అన్న ప్రశ్నలుంటాయి. జిమ్ డబ్బా మీద వాటికి జవాబులుండవు.

ఇక్కడిదాకా చదివి "అయితే ఆహారంతో అల్సర్ అనేదంతా ట్రాష్" అని మీరంటే నేనొప్పుకోను. ఆ డాక్టరు "ఊఁ" తో నాకున్న పేచీ కూడా ఇదే.

కడుపు పుండు చరిత్రలో దక్షిణాదికి పెద్ద చోటే ఉంది. ఎవరెస్టు యాత్రల్లో పాల్గొన్న సోమర్‌వెల్ అనే సర్జన్ తిరువాంకూరులోని నెయ్యూరులో స్థిరపడి అల్సర్ ఆపరేషన్లు లెక్కలేనన్ని చేశాడు, అంత ఎక్కువ అక్కడ ఆ జబ్బు. 1964లో మల్హోత్రా అనే రైల్వే డాక్టరు రైల్వే ఉద్యోగుల రికార్డులు చూసి, అన్నం తినే దక్షిణాదివాళ్ళకి రొట్టె తినే ఉత్తరాదివాళ్ళకన్నా డుయోడినల్ అల్సర్ చాలా ఎక్కువని రాశాడు. ఆయన సిద్ధాంతం తమాషాగా ఉంటుంది, వాళ్ళు రొట్టె నమిలి తింటారు, లాలాజలం బాగా కలుస్తుంది, మనం అన్నం మింగేస్తాం అని :) మైసూరులో పనిచేసిన ఫ్రాంక్ టోవీ అనే ఇంకో సర్జన్ దశాబ్దాలపాటు దీని వెంటపడ్డాడు. తవుడులో ఉండే కొవ్వు పదార్థాలు కడుపుని కాపాడతాయని, బియ్యం బాగా పాలిష్ పట్టి, నిలవచేసి తింటే ఆ రక్షణ పోతుందని ఆయన వాదన. మార్టేరు స్వర్ణ బియ్యాన్ని మల్లెపువ్వులా పాలిష్ పట్టించుకుని మూడు పూటలా తినే మా గోదావరి డెల్టావాళ్ళకి ఇది ఎక్కడో తగలాలి. పైగా నాన్న పనిచేసిందే ఆ పాలిష్ పట్టే చోట.

1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ బాక్టీరియాని పట్టుకున్నారు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాని తనే గ్లాసులో పోసుకుని తాగి కడుపు పాడుచేసుకుని మరీ చూపించాడు. 2005లో నోబెల్ ఇచ్చారు. అంతకుముందు జాన్ వేన్‌కి 1982లో, సిమెటిడిన్ తయారుచేసిన జేమ్స్ బ్లాక్‌కి 1988లో వచ్చాయి. ఒక్క కడుపు పుండు చుట్టూ ఇన్ని నోబెల్సా అనిపిస్తుంది. బాక్టీరియా దొరికాక తిండి గురించిన పాత పరిశోధనలన్నీ అటకెక్కాయి. కానీ టోవీ అడిగిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. ఈ బాక్టీరియా మన దేశంలో ఉత్తరాదినా దక్షిణాదినా బోలెడంతమందికి ఉంది. పుండు మాత్రం కొందరికే ఎందుకు? అందరికీ వైరస్ ఉన్న నెట్‌వర్కులో కొన్ని మిషన్లే ఎందుకు క్రాష్ అవుతున్నాయి? బాక్టీరియా రకం, నొప్పి బిళ్ళలు, పొగాకు... వీటితోపాటు తిండి కూడా ఒక కారణం అయ్యుండటానికి వీలుంది. గ్లూటమిన్ ప్రశ్న అర్థవంతమయ్యేది ఇక్కడే. బాక్టీరియాని చంపేది కాదు, ఆ దెబ్బ తినే గోడకి బలమిచ్చేది.

దీని అవసరం పెరుగుతోంది కూడా. హెలికోబాక్టర్ 1994 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ సంస్థ ప్రకటించిన క్యాన్సర్ కారకాల జాబితాలో ఉంది. దాన్ని వదిలించే యాంటీబయాటిక్స్ పదును తగ్గుతోంది. మన దగ్గర మెట్రోనిడజోల్‌ని విరోచనాల బిళ్ళగా ఎడాపెడా మింగేశాం, ఇప్పుడది చాలామందిలో ఈ బాక్టీరియా మీద పనిచెయ్యదు. క్లారిత్రోమైసిన్‌కి లొంగని హెలికోబాక్టర్‌ని 2017లో డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాదకరమైన మొండి క్రిముల జాబితాలో పెట్టింది. ఇలాంటప్పుడు పద్నాలుగు రోజుల కోర్సుతో పాటు గ్లూటమిన్ ఇస్తే పుండు తొందరగా మానుతుందా, నొప్పి బిళ్ళ తప్పనిసరైన ముసలివాళ్ళకి రక్తస్రావం తగ్గుతుందా అని మనుషుల మీద పెద్ద ట్రయల్ చెయ్యొచ్చు కదా? నా అనుమానం ఏంటంటే, 1957 నుంచి అందరికీ తెలిసిన చవక పదార్థం మీద పేటెంటు రాదు, అందుకని కంపెనీలకి ఆసక్తి ఉండదు. అలాంటివి ప్రభుత్వం డబ్బుతో జరగాలి. రోగులకి కొదవా మనకి? మా ఊరి మందుల షాపు ముందు ఒక సాయంత్రం నిలబడితే సగం ట్రయల్‌కి సరిపడా దొరుకుతారు.

అది జరిగేదాకా ఏం చెయ్యాలి అంటే, పాంట్రీలో ఆ కుర్రాడికి నేను చెప్పిందే ఇక్కడా చెప్తాను. రెండు మూడు వారాలు దాటిన మంట ఉంటే పొట్ట డాక్టరు దగ్గరికెళ్ళు. హెలికోబాక్టర్ పరీక్షకి ప్రతిసారీ గొట్టం మింగక్కర్లేదు, ఊపిరి ఊది చేసే పరీక్ష ఉంది, మలపరీక్ష ఉంది. కాకపోతే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి రెండు వారాల ముందు డాక్టర్ని అడిగి ఆపాలి, లేకపోతే ఉన్న బాక్టీరియా లేదని వస్తుంది. కోర్సు అయ్యాక నెలకి మళ్ళీ పరీక్ష చేయించాలి, చాలామంది ఎగ్గొట్టేది ఇదే. నల్లటి విరోచనం, రక్తం కక్కడం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిల్లో ఏదున్నా గొట్టం మింగాల్సిందే, అదీ ఆలస్యం లేకుండా. ఇంట్లో అమ్మానాన్నలు వాడే బిళ్ళల పేర్లు అడిగి రాసుకో. ఫోన్లో అడిగితే "ఏవో గ్యాస్ బిళ్ళలేరా" అంటారు, వీడియో కాల్లో స్ట్రిప్పులు చూపించమను.

జిమ్ వీరుడికి కోపమొచ్చింది. "నీకు సైన్స్ మీద నమ్మకం లేదు" అన్నాడు. అతనికి చిట్టెలుక లెక్క బోర్డు మీద వేసి చూపించాను. నలభై గ్రాములా అని నోరెళ్ళబెట్టి, తర్వాత "డిస్కౌంట్ సేల్ ఉంది తెలుసా" అన్నాడు. ఏమంటాం.

నాన్న ఇప్పుడు బాగానే ఉన్నారు. కోర్సు పూర్తిచేశారు, రెండో పరీక్షలో బాక్టీరియా లేదని వచ్చింది. మోకాళ్ళకి నొప్పి బిళ్ళ మానేసి డాక్టరు చెప్పిన ప్రకారం పారాసిటమాల్, కాపడం, వ్యాయామం. మందుల షాపతను పలకరిస్తే తలతిప్పుకుని వెళ్ళిపోతున్నారట, అమ్మ నవ్వుతూ చెప్పింది. నేను పంపిన రెండో డబ్బా సగం అలాగే మిగిలిపోయింది. పారెయ్యమంటే అమ్మ ఒప్పుకోలేదు, "అంత డబ్బు పోసి కొన్నది" అని. పోయినసారి ఇంటికెళ్ళినప్పుడు వంటింట్లో అదే డబ్బా కనిపించి గుండె గతుక్కుమంది. మూత తీసి చూస్తే మెంతులున్నాయి.